వహాకాలో గోంగూర పులుపు

మెక్సికోలోని వహాకా నగరంలో పెద్ద సంత పేరు సెంట్రల్ దె అబాస్తోస్. ఎండుమిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ నడుస్తుంటే ఒక కొట్టు ముందు అంచులు మడిచిన గోనెసంచి, దాన్నిండా ముదురెరుపు ఎండు రేకులు కనిపించాయి. కొట్టావిడ ఒకటి చేతిలో పెట్టింది. నమిలేసరికి దవడలు జివ్వుమన్నాయి. అనుమానమే అక్కర్లేదు, గోంగూర!

ఇక్కడ దీన్ని ఫ్లోర్ దె హమైకా అంటారు. నిజానికి పువ్వు కాదు. పూత రాలాక గింజల కాయను చుట్టుకుని కండపట్టే ఎర్ర తొడుగు, మన ఎర్ర గోంగూర మొక్కదే. దీంతో చేసే మందును మందార కాక్‌టెయిల్ అంటారు కదా అని పెరట్లో పూజకు కోసే మందారాలు తెచ్చి మరిగించేరు, ఈ పులుపు రాదు. ఆఫ్రికాలో పుట్టిన మొక్క వలస పాలన కాలంలో మెక్సికో చేరింది. ఇప్పుడు పక్క రాష్ట్రం గెర్రెరోలో విరివిగా పండుతుంది. దీంతో చేసిన చల్లటి ఆగ్వా దె హమైకా తిండి బండ్ల మీద పెద్ద పెద్ద గాజు జాడీల్లో ఎర్రగా మెరుస్తుంటుంది.

ఆ కాక్‌టెయిల్‌లో పడాల్సిన మెస్కాల్ అనే అగావే మందు కోసం శాంతియాగో మతత్లాన్ వెళ్ళాం. షేర్ టాక్సీలో ఇరుక్కుని గంట ప్రయాణం. దారికి రెండు వైపులా అగావే తోటలే, మన రైలుకట్టల పక్కన పెరిగే కిత్తనారకు దాయాదులు. ఎస్పదీన్ రకం చేతికి రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. మట్టలు నరికేసి, మిగిలిన బొండాన్ని గోతిలో కాలిన రాళ్ళమీద పేర్చి, మట్టి కప్పి రోజుల తరబడి మగ్గబెడతారు. మెస్కాల్‌కి పొగవాసన పట్టేది అక్కడే. తర్వాత గుర్రం లాగే రాతి చక్రం కింద నలిపి, చెక్క తొట్లలో పులియబెట్టి, రెండుసార్లు కాచి దించుతారు.

ఘాటు తేల్చడానికి అక్కడి పెద్దాయన ఏ మీటరూ వాడలేదు. వెదురులాంటి గొట్టంతో కాస్త పైకి పీల్చి, కాయ డొప్పలోకి ధారగా వదిలాడు. అంచు చుట్టూ ముత్యాల్లా బుడగలు చేరి, కాసేపు చెదరకుండా నిలిచాయి. తలూపాడు. మరీ ఘాటైనా మరీ పలచనైనా అవి అలా నిలవవట.

ఆ రాత్రి నగరంలో ఒక బార్‌లో హమైకా మార్గరీటా తెప్పించుకుంటే పెళ్ళిపందిట్లో ఇచ్చే షర్బత్‌లా ఉంది. మెస్కాల్ పొగా లేదు, హమైకా పులుపూ లేదు. మేం దిగిన ఇంటి సెన్యోరాతో ఆ మాటంటే, మర్నాడు సాయంత్రం తన వంటింట్లోకి పిలిచింది.

లీటరు నీళ్ళు మరిగించి దించి, రెండు గుప్పిళ్ళ హమైకా, ఒక దాల్చినచెక్క ముక్క వేసి మూత పెట్టింది. పావుగంటకి వడకట్టి, చెంచాతో నా నోటికందించి, "ముందు పులుపు చూడు, చక్కెర తర్వాత" అంది. చక్కెర కూడా పులుపు విరగని మేరకే వేసింది. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రాసి సాల్ దె గుసానోలో అద్దింది. ఉప్పు, ఎండుమిర్చితోపాటు అగావే పురుగుల్ని ఎండబెట్టి వేయించి దంచిన పొడి అది. శాకాహారులు ఉట్టి ఉప్పూకారంతో కానిచ్చేయొచ్చు, లోటేం ఉండదు. మెస్కాల్ 60 మి.లీ., చల్లారిన హమైకా నీళ్ళు 60 మి.లీ., నిమ్మరసం 20 మి.లీ. మూత బిగించిన సీసాలో ఐసుతో గిలక్కొట్టి పోసింది. తొలి గుక్కలో కారం, వెనకే పులుపు, మింగాక గొంతులో పొగ.

వడకట్టిన పిప్పిని పారేయలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లితో నూనెలో మగ్గించి, తీగలా సాగే వహాకా జున్నుతో కలిపి మొక్కజొన్న రొట్టెల్లో మడిచిపెట్టింది. మందు ముట్టని మా ఆవిడ రెండు తినేసి, వెల్లుల్లి ఇంకాస్త పడాలని సెన్యోరాకు సైగలతో చెప్పడం మొదలుపెట్టింది.