పడమటి మండలాల సముద్రం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లు వీటిని పడమటి మండలాలంటారు. కర్ణాటక పీఠభూమిని ఆనుకుని, ఆరేడు వందల మీటర్ల ఎత్తున ఉన్న నేల ఇది. మదనపల్లె పక్కనే ఉన్న హార్స్‌లీ హిల్స్ ఎక్కి చూసినా కొండలూ గుట్టలే కనిపిస్తాయి. చెన్నై తీరం సుమారు రెండు వందల యాభై కిలోమీటర్ల దూరం. అయినా నేల వాలు అటే. మదనపల్లె బాహుదా చెయ్యేటిలో, చెయ్యేరు పెన్నలో కలిసి నెల్లూరు తీరాన సముద్రం చేరతాయి. కుప్పం మీదుగా పోయే పాలారు ఉత్తర తమిళనాడు దాటి కల్పాక్కం దగ్గర వయలూరులో సముద్రంలో పడుతుంది. రెండూ ఏడాదిలో చాలా నెలలు ఇసుక దారులే.

ఇక్కడి పొడి గాలే ఒకప్పుడు ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది. క్షయకు మందు లేని కాలంలో, 1915లో, మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం వెలిసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. మనిషి నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవు ఈ మెట్ట మేతతోనే వెన్నశాతం ఎక్కువున్న పాలిస్తుంది. కుప్పం ప్రాంతం మాత్రం నీళ్ల కోసం చాలాకాలం ఎదురు చూసింది. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు పరమసముద్రం చేరిన రోజు అక్కడ పండగైంది.

ఇలాంటి ఊళ్లవాళ్లు సెలవులొస్తే ఎక్కువగా సముద్రానికే బయలుదేరతారు. కుప్పం వాళ్లకు చెన్నై రైలుంది. మదనపల్లె, పుంగనూరు వాళ్లు కారో టెంపో ట్రావెలరో మాట్లాడుకుని మహాబలిపురం, పుదుచ్చేరి, నెల్లూరు వైపు మైపాడు వెళతారు. బెంగళూరులో ఉద్యోగాలు చేసే కుర్రకారు గోకర్ణం, గోవా అంటారు. పెద్దవాళ్లకు రామేశ్వరం. ఎవరు ఎటు వెళ్లినా ముందు అడిగేది హోటల్ గది గురించి. అడగాల్సింది ఆ నెలలో అక్కడ అలలెలా ఉంటాయన్నది.

నీళ్ల వేడిలో పెద్ద తేడా ఉండదు. చెన్నై తీరంలో జనవరిలో 26, 27 డిగ్రీలు, మే నెలలో 29, 30. గోవాలో చలికాలంలో 27, 28, ఎండాకాలంలో 30 దాకా. కొంచెం వేరుగా ఉండేది విశాఖ. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా గాలులు పైనీటిని తీరం నుంచి అవతలికి నెట్టేస్తే అడుగున ఉన్న చల్లని నీళ్లు పైకొస్తాయి. 1950లలో వాల్తేరు వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త లాఫాండ్ ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లతో కలిసి దీన్ని పరిశీలించారు. అలాంటి చోట తప్ప స్నానానికి దిగినవాడికి రెండు మూడు డిగ్రీల తేడా పెద్దగా తెలియదు.

అదే తేడా మన పొలాలకు మాత్రం బాగా తెలుస్తుంది. పైనీటి వేడి 26.5 డిగ్రీలు దాటి ఉంటేనే సాధారణంగా తుపాను బలం పుంజుకుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం దానికంటే వెచ్చగా ఉంటుంది. అక్కడ వాయుగుండం పడితే మదనపల్లెలో ముసురు పడుతుంది. చెరువులు నిండి మరవ పారతాయి, టమాటా తోటలో కాయ కుళ్లుతుంది, మార్కెట్ యార్డులో ధర తారుమారవుతుంది. 2021 నవంబరులో అలాంటి వానలకే చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కింది ఊళ్లు కొట్టుకుపోయాయి. కనుచూపు మేరలో లేని సముద్రం ఈ ఊళ్ల మీద చూపే అధికారం అంతటిది.

అలల సంగతి వేరు. తీరాన్ని బట్టి, నెలను బట్టి ఎంతో మారతాయి. గాలి ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత దూరం నీటి మీద వీచిందన్న దాన్ని బట్టే అల ఎత్తు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి అరేబియా సముద్రం మీద వేల కిలోమీటర్లు వీచి నేరుగా గోవా, గోకర్ణం, మంగళూరు తీరాల్ని కొడుతుంది. రెండు మూడు మీటర్ల అలలు అక్కడ మామూలు. అదే గాలి చెన్నైకి నేల మీదుగా వస్తుంది కాబట్టి అప్పుడు తూర్పు తీరంలో అంత ఉధృతి ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కథ తిరగబడుతుంది. పడమటి తీరం నెమ్మదిస్తుంది, తూర్పు తీరం తుపాన్ల పాలవుతుంది. రామేశ్వరానిది మరో తీరు. అగ్నితీర్థం దగ్గర శ్రీలంక అడ్డం ఉండడంతో దక్షిణాది పెద్ద అలలు రావు, ముసలివాళ్లు కూడా నిదానంగా మునకలేస్తారు. అదే రామేశ్వరం ద్వీపం కొసన ఉన్న ధనుష్కోటిని 1964 డిసెంబరు తుపాను తుడిచిపెట్టింది.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే విషయం చెబుతాను. మన పిల్లలు ఈత నేర్చేది సేద్యపు బావుల్లో. వీపుకు బెండ్లు కట్టి, నడుముకు తాడు కట్టి దింపుతారు. మేనమామో చిన్నాయనో మెట్ల మీద కూర్చుని తాడు పట్టుకుంటాడు. రోజు రోజుకూ బెండ్లు తగ్గిస్తారు. అవన్నీ తీసేశాక పిల్లవాడు ఒడ్డు మీంచి దూకుతాడు. ఆ ధైర్యంతోనే సముద్రంలోకి దిగుతాడు. కానీ బావిలో నీళ్లు కదలవు, అలసిపోతే గోడ దొరుకుతుంది. సముద్రంలో ఒడ్డుకు చేరిన అలల నీళ్లన్నీ ఎక్కడో ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా వెనక్కి పోతాయి. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. చూడ్డానికి అదే నెమ్మదైన చోటులా ఉంటుంది, మనవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు నుంచి బయటపడ్డాకే ఒడ్డుకు తిరగాలి. ఇది బావి దగ్గరే, తాడు పట్టుకున్న పెద్దవాళ్లే చెప్పాలి.

గాలి లేని రోజున కూడా అల రావచ్చు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో లేచిన తుపాను అలలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరం చేరతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, 1999 నుంచి పనిచేస్తున్న కేంద్ర సంస్థ, ఇలాంటి అలల గురించి తీరాలవారీగా హెచ్చరికలిస్తుంది. బండి మాట్లాడుకునే ముందు అవి చూసుకోవాలి.

దసరా సెలవుల్లో తూర్పు తీరానికి వెళ్లొద్దంటాను. ఎప్పుడు వాయుగుండం పడుతుందో తెలియని రోజులవి. సంక్రాంతి తర్వాత, మార్చి దాకా రెండు తీరాలూ బాగుంటాయి. పిల్లలకు పెద్ద సెలవులు వేసవిలోనే కాబట్టి, గోకర్ణమో గోవానో అనుకుంటే మే మొదటి వారంలోపే తిరిగొచ్చేయాలి, ఆ తర్వాత నైరుతి గాలి ముదురుతుంది. చెన్నై మెరీనాకు ఎప్పుడైనా వెళ్లొచ్చు, స్నానానికి మాత్రం కాదు. అక్కడ నీళ్లలోకి దిగడం నిషేధం. సాయంత్రం గాలి పీల్చుకుని, శెనగలు తిని, ఇసుకలో కూర్చుని వచ్చేయడమే.