నయాపూల్ దాటగానే

గత వేసవిలో మేము దంపతులం బండిమీద హైదరాబాదు పాతబస్తీకి వెళ్లాము. నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా చౌరస్తా చేరేసరికి చైను ఊడిపోయింది. పత్తర్‌గట్టీ దాటితే 1591 నాటి చార్మినారే గాని, బండి కదలదే!

సందులోని ముసలి మెకానిక్ చైను చూచి, "నూనె చుక్క లేదు, అంతా దుమ్మే" అన్నాడు. ఇంజను ఆపించి, కిరసనాయిలుతో, బ్రష్షుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. చక్రాన్ని చేత్తో త్రిప్పుతూ గేరు ఆయిల్ వేశాడు. ఇంజను తిరుగుతుండగా గుడ్డ పెట్టి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారిని ఎరుగునట. చైను మరీ బిగించక, అంగుళం వదులు ఉంచాడు.

అప్పుడు మా ఇంటామె చీరకొంగు ఆయన కంటబడింది. మా బండికి చీర గార్డు లేదు. ఊడితే అటకమీద పడవేశాము. వెనుక చక్రం సగమైనా కప్పి ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలోనే ఉన్నది. "హెల్మెట్ మీకొక్కరికేనా సాబ్?" అన్నాడు. మేము తలవంచుకొన్నాము.

గార్డు బిగించి, ప్రక్క అంగడిలో ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఆమెకు కొనేసరికి ప్రొద్దు గ్రుంకింది. గడ్డం క్రింద పట్టీ బిగించుకొని, కొంగు నడుముకు దోపి ఆమె ఎక్కింది. చార్మినార్ చూడకుండానే తిరిగి వచ్చాము.