ముగింపు తెలిసిన పుస్తకం

ఈ ఎండాకాలం నేను చదివిన నవలలన్నీ పైకి చదివినవే. మార్చిలో మా అత్తకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. నెల రోజులు పొయ్యి పొగ దగ్గరికి పోవద్దు, తలకు నీళ్లు పోసుకోవద్దు, పుస్తకాలు చదివి కళ్లు శ్రమ పెట్టుకోవద్దు అన్నారు డాక్టరు. మొదటి రెండింటికీ ఆమె సరేనంది. మూడోదానికి మాత్రం, "అయితే నువ్వు చదువు మే, నేను వింటా" అంది.

నాకు నవ్వొచ్చింది. పాతికేళ్ల కిందట, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, నవల చదువుతూ పాలు పొంగబెట్టానని నా చేతిలో పుస్తకం లాక్కుని బీరువా మీదికి విసిరింది ఈమే. "సంసారం చేసుకునే ఆడదానికి నవలలేంది?" అంది. ఆ మాట చాలా ఏళ్లు నాలో ముల్లులా ఉండిపోయింది. ఆ తర్వాత అందరూ పడుకున్నాకే చదువుకునేదాన్ని.

సరే, మొదలుపెట్టాం. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక, ఫ్యాను కింద చాప వేసుకుని. ఆమె ఒక చేత్తో చెనిక్కాయలు ఒలుస్తూ వినేది.

మొదట ఆమె అడిగింది యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. ఎనభైల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మా పల్లెలో చదువొచ్చిన వాళ్లు చదువుతుంటే మిగతావాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లట. పసిపిల్ల మీద చేతబడి కథ. ఇప్పుడు చదివినా ఆ ఉత్కంఠ తగ్గలేదు. నేనైతే సాయంత్రం పెరట్లోకి పోవడానికి వెనకా ముందూ చూసుకున్నాను! కానీ అత్త మధ్యలో ఆపమంది. ఆ రోజుల్లోనే మా పల్లెలో ఒక బిడ్డ జ్వరంతో పోతే, వీధి చివరి ఒంటరి ముసలామె ఏదో చేసిందని గుసగుసలు పుట్టాయట. ఆమె చేతి నీళ్లు ఎవరూ తాగలేదట. "చదివి భయపడింది మేము. ఆ భయం మధ్యన బతికింది ఆయమ్మ" అంది అత్త.

రంగనాయకమ్మ గారు ఈ నవల మీద 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము!' అని విమర్శ పుస్తకం ఎందుకు రాశారో నాకు అప్పుడు బాగా అర్థమైంది. చదివించే గుణంలో పూర్తి మార్కులు వేస్తాను. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పి ఇస్తాను.

తర్వాత మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'నత్తలొస్తున్నాయి జాగ్రత్త'. నత్తలు కూడా భయపెడతాయా అనుకుంటే పొరపాటే. అయితే మా అత్త మాత్రం బెదరలేదు. "అనంతపురానికి రమ్మను చూద్దాం. ఇక్కడ తేమ యాడుంది, వచ్చిన నత్త వచ్చినట్టే ఎండి పోతుంది" అంది. నవ్వు ఆపుకోలేక ఆ పూట చదవడమే మానేశాను.

సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి 'వెన్నెల్లో ఆడపిల్ల' తనే చదివి వినిపిస్తానంది. చదరంగం ఆడే రేవంత్‌కు ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, నా నంబరు నువ్వే కనుక్కో అని పందెం వేస్తుంది కదా. "అవ్వా, ఇప్పుడైతే ట్రూకాలర్‌లో పేరు వచ్చేస్తుంది, మొదటి పేజీలోనే కథ అయిపోతుంది" అని ఎగతాళి చేసింది. చివరికి వచ్చేసరికి దాని గొంతే పూడుకుపోయింది. మిగిలిన నాలుగు పేజీలు నేను చదవాల్సి వచ్చింది. ఫోన్లు మారినా ఏడుపు మారలేదు.

మే నెలలో మా ఇంట్లోనే ఒక థ్రిల్లర్ నడిచింది. కళ్యాణదుర్గం వైపు మాకు చీనీ తోట ఉంది. తొమ్మిదేళ్ల చెట్లు. బిడ్డల్లాగా పెంచుకున్నవి. ఉన్న బోరు ఎండిపోయింది. ట్యాంకర్లతో చెట్టుకిన్ని నీళ్లు పోస్తూ వచ్చాం. చివరికి అప్పు తెచ్చి కొత్త బోరు వేయించాలనుకున్నారు మా ఆయన. రాత్రి ఎనిమిదికి బోరు బండి మొదలైంది. గంటకోసారి ఫోను. మూడొందల అడుగులు. ఉత్త దుమ్ము. ఐదొందలు. కొంచెం చెమ్మ తగిలిందన్నారు. అత్త లేచి కూర్చుని దేవుడి పటం వైపు తిరిగింది. ఏడొందలు. మళ్లీ దుమ్ము. ప్రతి అడుక్కీ డబ్బే. ఇంకో వంద పోదామా, ఇక్కడే ఆపుదామా? ఆ ప్రశ్నంత ఉత్కంఠ ఏ నవలలోనూ చదవలేదు నేను. తెల్లవారుజామున తొమ్మిదొందల యాభై దగ్గర ఆపేశారు. నీళ్లు పడలేదు.

మా ఆయన ఇంటికొచ్చి, ఒంటి నిండా తెల్లటి రాతిపిండితో, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. ఏమనాలో తెలియలేదు. ఆ రోజు ఇంట్లో ఎవరం ఎవరి మొహం చూడలేదు.

మధ్యాహ్నం చాప వేయలేదు నేను. ఈ రోజు నవలలేంది అనిపించింది. అత్తే పిలిచింది. "ఆ కొమ్మూరి డిటెక్టివ్ది వద్దు. 'సెక్రటరీ' తీయి" అంది. యుగంధర్ కథ సగంలో ఉంది, హంతకుడెవరో తేలలేదు. "అది అయిపోనీ అత్తా" అన్నాను. "ఏమైతుందో అని చూసేది రాత్రంతా చూసినాం కదమ్మా. ఏమైతుందో తెలిసింది చదువు" అంది.

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' అరవైలలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. నేను ఎన్నోసారి చదువుతున్నానో లెక్కలేదు. ఈ మధ్య నాకు దాని మీద కొంచెం చులకన కూడా వచ్చింది. డబ్బున్న హీరో, పొడుగాటి కారు, అపార్థాల మీద అపార్థాలు. జయంతి, రాజశేఖరం కూర్చుని పది నిమిషాలు మనసు విప్పి మాట్లాడుకుంటే సగం పుస్తకం మిగలదు కదా అనేదాన్ని. పైగా ఈ నవలలన్నింటిలో నీళ్ల బిందె మోసే హీరోయిన్ ఒక్కతీ ఉండదు.

ఆ మధ్యాహ్నం మాత్రం నా గొంతుకే నా మాట కొత్తగా వినిపించింది. ఎన్ని తగాదాలు పడినా చివరికి ఇద్దరూ ఒకటవుతారని మాకు తెలుసు. ఆ తెలియడమే ఆ రోజు మాకు కావలసింది. జయంతి తన ఆత్మాభిమానం వదులుకోని చోట్లు వచ్చినప్పుడల్లా అత్త "ఆ, అట్లుండాల" అంటూ వచ్చింది. మా ఆయన గుమ్మం అవతల కూర్చుని వింటున్నారని చాలాసేపటికి గమనించాను.

పుస్తకం మూసినప్పుడు అత్త చెప్పింది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, గోనె సంచి దారంతో కుట్టి పెట్టుకునేదట. అట్ల ఏడు పుస్తకాలు చేసుకుందట. ఒకరోజు పొలం నుంచి వచ్చేసరికి వాళ్ల అత్త వాటిని నీళ్ల పొయ్యిలో పెట్టేసిందట. "ఆ వేన్నీళ్లతోనే నన్ను స్నానం చేయమనింది" అంది. కాసేపాగి, "నీ పుస్తకం నేను కాల్చలేదు మే, బీరువా మీదికి మాత్రమే వేసినా" అంది. క్షమాపణ అడగడం ఆమెకు చేతకాదు. అదే ఆమె అడిగిన తీరు. నాకు చాలింది.

ఆడవాళ్లు నవలలు చదివి కలల్లో తేలిపోతారని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ రొమాన్స్ నవలలను కాస్త తక్కువ చేసి మాట్లాడినదాన్నే. థ్రిల్లర్లంటే తెలివైనవాళ్లవి, ప్రేమ కథలంటే కాలక్షేపానివి అనుకునేదాన్ని. ఇప్పుడు అట్లా అనను. బతుకు కాస్త సాఫీగా నడిచే రోజుల్లో ఏమవుతుందో తెలియని కథ సరదాగా ఉంటుంది. ఏ అడుగులో నీళ్లు పడతాయో తెలియని చోట, ముగింపు ముందే తెలిసిన కథ ఒక పూట నిద్ర పట్టిస్తుంది. రెండూ కావాలి మనకు.

తోటలో సగం చెట్లకే ట్యాంకరు నీళ్లు పోస్తున్నాం. మిగతా సగం వదిలేశాం. ఏవి ఉంచాలో మా ఆయనే చూసి చెప్పారు.

అత్త కన్ను ఇప్పుడు బాగుంది. పేపరు తనే చదువుకుంటోంది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి చాప వేసి ఎదురుచూస్తోంది. ఈసారి మన అనంతపురం రచయిత బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' తెప్పించాను. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. మన సీమ పాతకాలపు కథ. "ఇందులో మన ఊర్లు ఉంటాయంట అత్తా" అంటే, "నీళ్లుంటాయా?" అని అడిగింది. చదివితే గానీ తెలియదన్నాను.

యుగంధర్ మాత్రం ఆ హంతకుణ్ని ఇంకా పట్టుకోలేదు. ఆ పుస్తకం కిటికీలో అట్లే ఉంది.