ఆరు పట్టుల కూత

చాన్నాళ్ళుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఆటల గురించి రాయడానికి నాకు అర్హత లేదు. పైగా ఇది మన క్రికెట్టు కూడా కాదు. రగ్బీ లీగ్ అనే ఆట. అదైనా మైదానంలో ఆడింది కాదు, టీవీకి తగిలించిన ప్లేస్టేషన్ 2 పెట్టెలో ఆడింది. కాస్త ఓపిక చేసుకుని చదవమని మనవి.

మేము సిడ్నీ నగరానికి పడమటనున్న పారమట్టాకు 2000లో వచ్చాము. అప్పటికి మావాడికి నాలుగేళ్ళు. ఆ ఊళ్ళో ఉప్పూ పప్పూ దొరకడానికి ఇబ్బంది పడలేదు గానీ, ఆఫీసులో సోమవారం ఉదయం మాత్రం నేను మూగవాణ్ణి. మార్చి మొదలుకొని అక్టోబరు తొలినాళ్ళ దాకా అక్కడి మాటలన్నీ 'ఫుటీ' చుట్టూనే తిరుగుతాయి. ఎవరు గెలిచారో పత్రికలో చూసి చెప్పగలను. ఎందుకు గెలిచారో చెప్పలేను. అందరూ నవ్వినప్పుడు నవ్వేవాణ్ణి.

ఇంట్లో సంగతి ఇంకొకటి. 2005లో ఒక పండుగనాడు మా ఇంటికి నలుగురు తెలుగువాళ్ళు భోజనానికి వచ్చారు. మావాడు వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చి, "అమ్మమ్మ ఫోన్ చేశాడు" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. వాడు ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి మేము తెలుగులో ఏది అడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. బతిమాలాము, కోప్పడ్డాము, గోడకు అక్షరమాల పటం అంటించాము. తొమ్మిదేళ్ళవాడి పంతం ముందు ఏదీ పనిచేయలేదు.

2006 చలికాలంలో వాడికి 'రగ్బీ లీగ్ 2' అనే ఆట కావలసివచ్చింది. ఆ ఆటను న్యూజిలాండ్‌లోని వెలింగ్టన్ నగరానికి చెందిన షీ ఇంటరాక్టివ్ వాళ్ళు తయారుచేశారు. మొదటిది 2003లో, ఈ రెండవది 2005లో వెలువడ్డాయి. రగ్బీ లీగ్‌ను ప్రాణప్రదంగా చూసుకునేవి ఆస్ట్రేలియా తూర్పు రాష్ట్రాలు, ఉత్తర ఇంగ్లండ్, న్యూజిలాండ్, పాపువా న్యూగినీ, ఫ్రాన్స్ దక్షిణ భాగం. అంత చిన్న లోకం కోసం ఎవరో కూర్చుని ఒక ఆటను తయారుచేశారంటే అది నాకు తెలుగు పుస్తకం అచ్చువేయడంలా తోచింది.

"కొనిపెడతాను. కానీ నాతో ఆడాలి, ఆడేటప్పుడు తెలుగులోనే మాట్లాడాలి" అన్నాను. వాడు చాలాసేపు ఆలోచించి, తనూ ఒక షరతు పెట్టాడు, అదీ ఇంగ్లీషులోనే: నేను నవ్వకూడదు. ఒప్పుకున్నాను.

ఆటలో జట్టుకు పదముగ్గురు. బంతిని ముందున్నవాడికి విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ముందుకు పంపాలంటే కాలితో తన్నాలి. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్ళు పట్టి పడేస్తే, వాడు లేచి బంతిని నేలమీద పెట్టి మడమతో వెనక్కి తోస్తాడు, ఆట మళ్ళీ మొదలవుతుంది. ఇలా ఆరుసార్లు పట్టుబడితే బంతిని ఎదుటివాళ్ళకు అప్పగించేయాలి. అందుకే అయిదోసారి పట్టుబడి లేచాక, మిగిలిన ఆ ఒక్క అవకాశంలో చాలామంది బంతిని దూరంగా తన్నేస్తారు.

నాకిది మొదటి వారం బోధపడలేదు. నాలుగు పరుగులు తీసి పట్టుబడడం, బంతి పోగొట్టుకోవడం. వాడు విసుక్కునేవాడు. ఒక రాత్రి ఉన్నట్టుండి తట్టింది. ఇది చెడుగుడు కాదూ! తెనాలి దగ్గర మా పల్లెలో కోతలయ్యాక పొలాల్లో గీత గీసి ఆడిన ఆటే. అక్కడ ఊపిరి ఉన్నంతసేపే కూత. కూత ఆగితే ఆట పోయినట్టే. ఇక్కడ ఊపిరికి బదులు ఆరు పట్టులు. రెండు ఆటలూ మనిషికి చెప్పేది ఒక్కటే: నీ వంతుకు ఒక హద్దు ఉంది, ఆ లోపల చేయగలిగింది చేయి.

ఈ మాట వాడికి చెప్పి, హాల్లోనే చాపలు పరిచి చెడుగుడు ఆడి చూపించాను. వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి మా ఇద్దరినీ చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి మా ఆటకు మా మాటలు పుట్టాయి. టాకిల్ అంటే 'పట్టు'. ఆరు పట్టుల వరుస 'కూత'. స్క్రమ్ 'కుమ్ములాట'. అవతలి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే వచ్చే నాలుగు పాయింట్ల ట్రైకి పేరు వాడే పెట్టాడు. ఆ గీతను నేను పొలం గట్టుతో పోల్చాను. వాడు మొదటిసారి ట్రై చేసి "గట్టెక్కాను నాన్నా!" అని అరిచాడు. ఆ నుడికారం మన భాషలో ఉందని వాడికి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆట పట్టుబడ్డాక దాని పుట్టుక కూడా తెలుసుకోవాలనిపించింది. 1895 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో ఉత్తర ప్రాంతపు క్లబ్బులు సమావేశమై రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. తగవు కూలి దగ్గర వచ్చింది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు ఆట కోసం పనిమానితే ఆ పూట కూలి పోయేది. దానికి పరిహారం ఇవ్వాలని ఉత్తరాది వాళ్ళు, ఆటకు డబ్బు ముట్టరాదని పెద్దమనుషులు. 1906లో జట్టుకు పదిహేనుమందిని పదముగ్గురు చేశారు. పట్టులకు హద్దు 1960ల మధ్యలో వచ్చింది, మొదట నాలుగు, తరువాత 1970ల మొదట్లో ఆరు. ఇదంతా ఒక సోమవారం ఆఫీసులో ప్రస్తావిస్తే పక్క బల్ల పెద్దాయన కుర్చీ నావైపు తిప్పుకుని కూర్చున్నాడు. తన తాత బొగ్గుగనిలో పనిచేసిన సంగతి నాకు ఆరోజే చెప్పాడు.

మేము ఎప్పుడూ పారమట్టా జట్టే. ఆ జట్టుకు ఈల్స్ అని పేరు, అంటే పాముచేపలు. పారమట్టా అన్న మాటకు ఆ నేల అసలు మనుషులైన దారుగ్‌ల భాషలో పాముచేపలుండే చోటు అని అర్థం చెబుతారు. ఆ భాష మాట్లాడేవాళ్ళు నాకు ఎక్కడా తారసపడలేదు. దాని మాట మాత్రం ఊరి పేరులో, దాని అర్థం నీలం పసుపు చొక్కాల మీద మిగిలాయి. ఆ జట్టు 1981, 1982, 1983, 1986లలో విజేత. 2005లో పట్టికలో అగ్రస్థానాన నిలిచి కూడా, ఫైనల్‌కు ముందరి మ్యాచ్‌లో నార్త్ క్వీన్స్‌లాండ్ చేతిలో 29-0తో చిత్తయింది. ఆ బాకీ మా టీవీలో తీర్చాలని వాడి పట్టుదల. 2007 జులైనాటికి మా పారమట్టా ఆ సీజను ఫైనల్‌కు చేరింది. మర్నాడు శనివారం, తీరిగ్గా ఆడదామని మెమరీ కార్డులో దాచిపెట్టాము.

ఆ శనివారం మేము ఫైనల్ ఆడలేదు. వాడిక ఆరో తరగతికి వస్తాడు, సెలెక్టివ్ హైస్కూలు ప్రవేశ పరీక్ష మార్చిలో. మిత్రుల పిల్లలందరూ అప్పటికే కోచింగుల్లో చేరారు. "ఎనిమిది నెలలే కదా" అని నేనే ప్లేస్టేషన్ వైర్లు చుట్టి బీరువా పైఅరలో పెట్టాను. వాడు ఏడవలేదు. "ఫైనల్ ఒక్కటి" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. వద్దన్నాను.

పరీక్షలో నెగ్గాడు. మంచి బడి, మంచి చదువు, మంచి ఉద్యోగం, అన్నీ అనుకున్నట్టే జరిగాయి. కానీ వైర్లు చుట్టిన ఆ రోజున వాడి తెలుగు కూడా అదే అరలోకి వెళ్ళిందని నాకు చాలాకాలం తెలియలేదు. పరీక్ష అయిపోయాక పెట్టె కిందికి దించాను. వాడు దాని వంక చూడలేదు. పన్నెండేళ్ళవాడికి నాన్నతో ఆడే వయసు దాటిపోయింది. 2011లో దాన్ని ఎవరికో ఇచ్చేశాను. మెమరీ కార్డు మాత్రం ఇవ్వలేదు. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఎనిమిది మెగాబైట్ల ఆ ముక్కలో, ఆడని ఒక ఫైనల్.

తరువాత అసలు పారమట్టా కూడా 2009లో, 2022లో ఫైనల్ దాకా వెళ్ళి ఓడింది. 2025 సీజను ముగిసేనాటికి కూడా 1986 తరువాత మరో గెలుపు లేదు. అలాంటి ఆటలు తయారుచేసే పని 2010లో మెల్‌బోర్న్‌లోని బిగ్ యాంట్ చేతికి వెళ్ళింది. 2017లో 'రగ్బీ లీగ్ లైవ్ 4' తరువాత ఎనిమిదేళ్ళు ఏమీ రాలేదు. 2025లో 'రగ్బీ లీగ్ 26' వచ్చింది.

ఆ ఏడు సెప్టెంబరులో మావాడు ఇంటికి వస్తూ ఆ కొత్త ఆటనూ, తన ప్లేస్టేషన్ 5నూ మోసుకొచ్చాడు. ఇప్పుడు వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. అడిగితే నాలుగు ముక్కలు తెలుగులో చెబుతాడు, మిగిలింది ఇంగ్లీషు. రాత్రి భోజనాలయ్యాక, "ఆడతావా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఒకే జట్టులో ఆడాము, పారమట్టాయే. నా వేళ్ళు మొద్దుబారాయి, బటన్లన్నీ మరిచిపోయాను. అయిదుసార్లు పట్టుబడ్డాము. బంతి నా దగ్గర ఉంది. ఏం చేయాలో తోచక నిలబడిపోయాను.

"ఆఖరి పట్టు నాన్నా, తన్నెయ్!" అన్నాడు.

తను తెలుగులో మాట్లాడిన సంగతి వాడు గమనించినట్టు లేదు. తెరవైపే చూస్తున్నాడు. నేను తన్నాను, బంతి ఎటో పోయింది. వాడు నవ్వాడు. "అది అవతలివాడికి ఇచ్చింది" అన్నాడు. 'ఇచ్చావు' అనాలి. నేను దిద్దలేదు, నవ్వలేదు. మళ్ళీ కూత వాళ్ళది.