రంగంలో దిగారు... గెలిచారు!

కోస్తా జిల్లాల్లోని పాతతరం నోట యాంగాన్ అన్న మాట రాదు, రంగూన్ అనీ అనరు. వాళ్లకది 'రంగం'. రంగం వెళ్లి నాలుగు డబ్బులు వెనకేసుకొచ్చిన తాతల కథలు శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి బంగాళాఖాతం దాటినవాళ్లు అక్కడ ఓడరేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1942లో జపాన్ సేనలు వచ్చిపడటంతో భారతీయులెందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు.

ఆ ఊరికే 2025 ఆగస్టులో మన దేశపు అమ్మాయిల జట్టొకటి వెళ్లింది, అండర్-20 మహిళల ఆసియా కప్ ఫుట్‌బాల్ అర్హత పోటీలు ఆడటానికి.

యాంగాన్‌లో ఆగస్టంటే వానలే వానలు. ఆడామగా కట్టుకునే లోంజీ మన లుంగీకి చుట్టమే. అమ్మాయిల బుగ్గలమీద లేత పసుపు రంగు పూత కనిపిస్తుంది. అది థనకా. చెట్టు బెరడును మనం గంధం తీసినట్టే సానమీద అరగదీస్తారు. పొద్దున్నే వీధి బండి దగ్గర చేపల పులుసులో నూడుల్స్ వేసిన మొహింగా తింటారు. ఊళ్లో ఎటు తిరిగినా బంగారు తాపడంతో దాదాపు వంద మీటర్ల ఎత్తున ష్వేడగాన్ పగోడా పలకరిస్తూనే ఉంటుంది.

మ్యాచ్‌లు జరిగింది తువున్నా స్టేడియంలో. పేరు కొత్తగా ఉందా? మనకు తెలిసిందే... సువర్ణ! పాళీలో సువణ్ణ అయి, బర్మీయుల నోట తువున్నా అయింది. పాత కథల్లోని సువర్ణభూమి తమ నేలేనని వాళ్లు చెప్పుకుంటారు.

ఆ బంగారు మైదానంలో మనవాళ్ల ఆరంభం మాత్రం చప్పగానే సాగింది. ఆగస్టు 6న ఇండొనేషియాతో 0-0. రెండ్రోజులకు తుర్క్‌మెనిస్థాన్‌మీద ఏడు గోల్స్ కొట్టి కసి తీర్చుకున్నారు. ఇక మిగిలింది మయన్మార్. గ్రూపులో మొదటి స్థానమైతే నేరుగా టికెట్టు. రెండో స్థానమైతే మిగతా గ్రూపుల లెక్కలు చూసుకుంటూ కూర్చోవాలి, ఎనిమిది గ్రూపుల్లోని రెండో స్థానాల్లో మూడింటికే చోటు మరి. పైగా మయన్మార్‌ను తక్కువగా చూడటానికి లేదు. ఆ దేశపు సీనియర్ మహిళలు 2004, 2007ల్లో ఆగ్నేయాసియా ఛాంపియన్లు!

ఆగస్టు 10, ఆదివారం. ఊరు వాళ్లది, జనం వాళ్లవాళ్లు. 27వ నిమిషంలో పూజ గోల్ కొట్టింది. ఆ తర్వాత అంతా కాపలా పనే. రెండో సగంలో మయన్మార్ మీద మీదకు వస్తుంటే గోల్‌కీపర్ మోనాలిషా దేవి అడ్డుగోడైంది. స్కోరు 1-0 దగ్గరే ఉండిపోయింది. మూడు మ్యాచ్‌ల్లోనూ మన వలలో ఒక్క బంతీ పడలేదు.

భారత్ అంతకుముందు ఈ టోర్నీ ఆడింది 2006లో. వయసు నిబంధన ప్రకారం ఈ జట్టులో ఎవరూ ఆ ఏడాదికి ముందు పుట్టినవాళ్లు కారు. ఒకప్పుడు కూలి డబ్బులు మూటగట్టుకుని ఓడలెక్కిన ఆ ఊరి నుంచి, ఈసారి 2026 ఏప్రిల్ నాటి థాయ్‌లాండ్ టోర్నీకి టికెట్టు పట్టుకుని విమానమెక్కారు.