పోపుగారు పోయిన వారము రోములో

2025 ఏప్రిల్ 19వ తేదీన మేము దంపతులము రోము నగరములో దిగినాము. మా బావమరిది అక్కడ చదువుకొని అక్కడే ఉద్యోగములో కుదురుకొన్నాడు. "అక్కా, బావగారూ, ఒక్కసారి వచ్చి చూచి పొండి" అని రెండేళ్ళు పోరి, తుదకు టిక్కెట్లు కూడ వాడే పంపినాడు. లేకపోతే బెంగుళూరులో గుమాస్తా పని చేసికొనే వారికి రోము ఎక్కడ? ఆఫీసులో పదిరోజుల సెలవు సంపాదించుట విమాన ప్రయాణము కంటె కష్టమైనది. ఆ కథ ఇక్కడ వద్దు.

మరునాడు ఈస్టరు పండుగ. సెయింట్ పీటర్స్ చౌకులో జనము మధ్య ఎక్కడో వెనుక నిలుచున్నాము. పోపు ఫ్రాన్సిస్ గారు మేడమీది గవాక్షములోనికి వచ్చి, పిమ్మట పైకప్పు లేని బండిలో జనము మధ్య తిరిగినారు. మాకు కనబడినది ఒక తెల్లని టోపీ మాత్రమే. అప్పటికి ఆయనకు 88 ఏండ్లు. 38 రోజులు ఆసుపత్రిలో ఉండి నెలరోజుల క్రిందటనే ఇల్లు చేరినారు. "పాపము, పెద్దాయనను ఎందుకిట్లా తిప్పుతారు?" అన్నది మా ఇంటావిడ.

21వ తేదీ సోమవారము ఉదయము 7 గంటల 35 నిమిషములకు ఆయన పోయినారు. ఈస్టరు మరునాడు ఆ దేశములో అందరికీ సెలవు. బుట్టలలో తిండి సర్దుకొని తోటలకు, పల్లెలకు పోవుదురు. మా బావమరిది ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన ముసలావిడ. ఆమె కూడ బుట్ట సర్దుకొనియే ఉన్నది. పది కావస్తుండగా కబురు తెలిసినది, కొంతసేపటికి గంటలు మ్రోగినవి. మెట్ల మీద ఎదురుపడి ఆమె చేతులు త్రిప్పుచు ఏదో అన్నది. బావమరిది తెలుగు చేసినాడు: "ఒక పోపు పోతే ఇంకొక పోపును చేస్తారు." ఇటలీలో అది సామెత అట. ఎంత రాతిగుండె అనుకొన్నాము. కాని ఆ బుట్ట సాయంత్రము దాకా మెట్ల మీదనే ఉన్నది. ఆవిడ టీవీ ముందు నుండి లేవలేదు.

ఆ నాలుగు రోజులలో మాకు అర్థమయినది ఏమనగా, అంత పెద్ద మనిషి పోయినప్పుడు ఊరికంతకు ఒకే దుఃఖము ఉండదు. ఆ రోజు జరుగవలసిన ఫుట్‌బాల్ ఆటలు వాయిదా వేసినారు. కాఫీ దుకాణములో కుర్రవారు దానికి గొణుగుచుండగా దుకాణదారు, "ఆయనకు కూడ ఆ పిచ్చే ఉండినది, ఊరుకోండి" అన్నాడట. నిజమే, ఆయన పుట్టిన బ్వేనస్ ఐరెస్ లోని సాన్ లొరెన్సో జట్టుకు ఆయన చిన్ననాటి నుండి అభిమాని. ప్రభుత్వము ఐదు రోజులు సంతాపదినములు ప్రకటించినది. ఆ మధ్యలోనే 25వ తేదీ వచ్చినది. అది ఫాసిస్టుల నుండి, జర్మను సేనల నుండి ఆ దేశము విడుదలయిన రోజు, అందునా 80వ సంవత్సరము. ఆ ఉత్సవములు నిగ్రహముగా జరుపుకొనుడని మంత్రి ఒకరు చెప్పగా మన ముసలావిడ మండిపడినది. "మేమేమి, ప్రతి ఏడు త్రాగి చిందులు వేస్తున్నామా?" అని ఆమె ప్రశ్న. పోపుగారి మీద ఆమెకు ప్రేమయే, మంత్రి మీదనే కోపము.

ప్రేమ లేనివారు కూడ ఉన్నారు. 2013లో పోపు అయిన కొద్ది నెలలకే ఆయన రోము వెలుపల చేసిన మొదటి యాత్ర లాంపెదూసా అను చిన్న దీవికి. ఆఫ్రికా నుండి పడవలలో వచ్చువారు చేరుచోటు అది. చేరలేక మునిగినవారి కొరకు ఆయన అక్కడ ప్రార్థించినారు. క్రింది వాటాలో ఉండు ఆసామికి అది గిట్టలేదు. "మా ఇల్లు మాకు చాలకపోతే ఊరివారినందరినీ పిలిచినాడు" అని చనిపోయిన రోజున కూడ అన్నాడు. పరదేశములో ఉద్యోగము చేసికొను మా బావమరిది ఆ మాటను మాకు తెలుగు చేసి, తల వంచుకొని షూస్ తుడుచుకొన్నాడు.

బుధవారము నుండి భౌతికకాయమును దర్శనమునకు ఉంచినారు. గురువారమునకు మా వాడు ఫ్లోరెన్సుకు రైలు టిక్కెట్లు కొని ఉంచినాడు. మా ఇంటావిడ, "ఫ్లోరెన్సు ఎక్కడికీ పోదు, ఆయనను చూచి వద్దాము" అన్నది. "అక్కా, మనము క్రైస్తవులము కాము గదా?" "శివాజీనగరులో మరియమ్మకు మ్రొక్కినప్పుడు ఆమె నన్ను అడిగినదా?" బెంగుళూరు పాఠకులకు చెప్పనక్కరలేదు, సెప్టెంబరు 8న సెయింట్ మేరీస్ ఉత్సవములో ఎవరు ఏ మతమో పోల్చుట కష్టము. టిక్కెట్ల డబ్బు పోయినది. మేము మాత్రము నోరు మెదపలేదు. మాకు వేరొక కారణము ఉన్నది.

రాత్రి ఎనిమిదిన్నరకు వరుసలో చేరినాము. వరుస అనగా తిరుమలలో వలె కంపార్టుమెంట్లు లేవు. కట్టెల కంచెల మధ్య వెడల్పైన వీథి నిండ జనము, అడుగడుగున పోలీసులు, నీళ్ళ సీసాలు పంచు స్వచ్ఛంద సేవకులు. 2019 జనవరిలో తుమకూరు సిద్ధగంగ స్వామివారు 111వ ఏట పరమపదించినప్పుడు కూడ మేము వరుసలో నిలిచినాము. అక్కడ లక్షలమందికి అన్నము పెట్టినారు. ఇక్కడ ఎవరి తిండి వారిదే. రొట్టె ముక్కలు, ఆరెంజి పళ్ళు విప్పుకొని కబుర్లాడుచు తినుచున్నారు. పదిహేనేండ్ల పిల్లలు గుంపులు గుంపులుగా పాటలు పాడుచున్నారు. కార్లో అకుటిస్ అను బాలుని పునీతుడుగా ప్రకటించు ఉత్సవము 27న జరుగవలసి యుండి వాయిదా పడగా, దాని కొరకు వచ్చినవారు ఈ వరుసలో చేరినారని తెలిసినది. మాకు మొదట ఈ పాటలు, నవ్వులు చాల ఎబ్బెట్టుగా తోచినవి. తరువాత అలవాటయినది.

మా ముందు అర్జెంటీనా దంపతులు జెండా కప్పుకొని ఉన్నారు. మా వాడు వచ్చీరాని స్పానిషులో మాటలు కలిపినాడు. వారికి ఒకటే వ్యథ. పన్నెండేండ్లలో ఎన్నో దేశములు తిరిగిన మనిషి ఒక్కసారియైన తన ఊరికి రాలేదని. "అల్లుడు పండుగకు రాలేదన్నట్లున్నది వీరి కోపము" అన్నది మా ఇంటావిడ. ఇంకొంత ముందుకు పోగా జపమాలలు, పోపుగారి బొమ్మలు అమ్ము బంగ్లాదేశ్ అబ్బాయి మాతో హిందీలో మాట్లాడినాడు. నిన్నటి నుండి ఐదు వందల బొమ్మలు అమ్మినాడట. బేరము బాగున్నదే అంటే కొంచెము సిగ్గుపడి, "ఆయన బీదవారి మనిషి, నేనమ్మితే ఏమనుకోడు" అన్నాడు. మా వద్ద పైసలు పుచ్చుకొన్నాడు లెండి.

అర్ధరాత్రి దాటి ఒంటిగంట ప్రాంతమున లోపలికి చేరినాము. గడప దాటగానే ఆ పాటలన్నీ ఆగిపోయినవి. అంత పెద్ద మందిరములో అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. పూర్వము పోపుల దేహమును ఎత్తయిన పీఠము మీద ఉంచువారట. సరుగు, సీసము, ఓకు చెక్కలతో మూడు పెట్టెలు ఒకదానిలో ఒకటి ఉండేవట. ఈయన 2024లో ఆ పద్ధతి మార్పించి, లోపల జింకు రేకు వేసిన ఒక్క చెక్కపెట్టె చాలునన్నారు. పెట్టె మన మోకాళ్ళ ఎత్తున ఏటవాలుగా ఉన్నది. ఎర్రని వస్త్రము, చేతులలో జపమాల, కాళ్ళకు అరిగిన నల్లని బూట్లు. ఫోనులు లోపల పెట్టుకొమ్మని కావలివారు సైగ చేయుచున్నా, మా వెనుక ఒకాయన తన ముఖము కూడ పడునట్లు ఫోటో తీసికొన్నాడు. మాకు నిలుచుటకు దొరికినది రెండు మూడు క్షణములు.

ఆ రెండు మూడు క్షణములకు నాలుగున్నర గంటలు ఎందుకు నిలిచినామో ఇప్పుడు వ్రాయవచ్చును. 2021 మే నెలలో మా నాన్నగారు కోవిడ్ తో పోయినారు. ఆసుపత్రివారు దేహమును మూటకట్టి బండిలో ఎక్కించినారు. శ్మశానము వద్ద కూడ వరుసయే, బండ్ల వరుస. చేతికి టోకెను ఇచ్చినారు. మా వంతు రాత్రి పదకొండుకు వచ్చినది. ముఖము చూపుమని అడిగినాము. వీలు కాదన్నారు. వారి తప్పేమీ లేదు, ఆ రోజులు అట్టివి. నాన్నగారి కాళ్ళకు ఉన్న పాత చెప్పులు ఆసుపత్రిలోనే ఉండిపోయినవి. ఆ నల్లని బూట్లు చూడగానే మాకు అవియే జ్ఞాపకము వచ్చినవి. పోపుగారి ముఖము సరిగా చూడనే లేదు.

ఇల్లు చేరుసరికి మూడు గంటలు. శవమును చూచి వచ్చి స్నానము చేయక వంటింటిలో అడుగు పెట్టనని మా ఇంటావిడ పట్టు. ఆ వేళ వేడినీళ్ళ యంత్రము చేయు మ్రోతకు క్రింది ఆసామి కర్రతో పైకప్పు పొడిచినాడు. ఆమె తల తుడుచుకొనుచు వచ్చి, "మీరు కూడ పోసికోండి. మామయ్యగారికి ఆనాడు నీళ్ళ దగ్గర నలుగురము లేకపోతిమి" అన్నది. మేము పోసికొన్నాము. ఆయన మళ్ళీ పొడిచినాడు.

26వ తేదీ అంత్యక్రియలకు మన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు వచ్చినారు. మన దేశములో కూడ మూడు రోజులు సంతాపము పాటించినారు. తరువాతి పోపును ఎన్నుకొను కార్డినళ్ళలో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీగారు ఒకరు. కర్నూలు జిల్లావారు. ఆ సంగతి చెప్పగా మన ముసలావిడ, "మీ భాష వారికి కూడ ఓటున్నదా!" అని ఆశ్చర్యపోయినది.

చౌకులో చోటు దొరకదని మేము కొలోసియము వద్ద బాట ప్రక్కన నిలిచినాము. పెట్టెను తెల్లని బండిలో ఊరి నడుమ నుండి తీసికొనిపోయినారు. అది దగ్గరకు రాగానే జనమంతా చప్పట్లు కొట్టినారు. శవమునకు చప్పట్లు! మాకు ఒళ్ళు జలదరించినది. ఇక్కడ అదే మర్యాద అని మా వాడు చెప్పినాడు. మన ఊళ్ళలో డప్పులు కొట్టుట చూచి వీరేమనుకొందురో? ఇంటావిడ కొంగు చాటున రెండు చేతులు కలిపి మెల్లగా కొట్టినది. మా ప్రక్కన నిలిచి అందరికంటె గట్టిగా కొట్టినది ఎవరనుకొన్నారు? సామెత చెప్పిన ముసలావిడయే.

సమాధి వాటికనులో కాదు, ఊరిలోని శాంటా మారియా మజ్జోరే గుడిలో. ప్రతి యాత్రకు ముందు, తరువాత ఆయన అక్కడి మేరీమాత పటము ముందు కూర్చొని వెళ్ళువారు. ఆ వాకిట ఆయన పెట్టెకు ఎదురు వచ్చినవారు రాజులు కారు. ఊరి బీదలు, ఖైదీలు, వలస వచ్చినవారు, చేతులలో తెల్లని గులాబీలతో.

ఆదివారము ఉదయము సమాధిని చూడనిచ్చినారు. అది మా తిరుగు ప్రయాణపు రోజు. పెట్టెలతోనే వరుసలో నిలిచి రెండు గంటలకు లోనికి పోయినాము. తాతముత్తాతల లిగురియా సీమ నుండి తెప్పించిన రాయి, దాని మీద ఫ్రాన్సిస్కుస్ అను ఒక్క పేరు, ఒక తెల్లని పువ్వు. పోప్ అని కూడ లేదు. మా వాడు ఒక పెట్టె, మేమొక పెట్టె ఈడ్చుకొనుచు అక్కడికి దగ్గరలోనే ఉన్న రైల్వే స్టేషనుకు నడిచినాము. ఇంటావిడ బంగ్లాదేశ్ అబ్బాయి దగ్గర కొన్న బొమ్మను చేతిసంచిలో బట్టల మధ్య పెట్టుకొన్నది, మడత పడకుండ.