ఉమ్మి వేరు, గళ్ళ వేరు

మా బంధువుల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళకైతే లెక్కే లేదు. మైక్రోబయాలజిస్టు మాత్రం ఒక్కతే, మా పెద్దనాయన కూతురు. బళ్ళారిలోనే ల్యాబులో పని. పెండ్లిళ్ళలో ఎవరన్నా అడిగితే "రక్తం పరీక్ష చేస్తుంది" అని పెద్దోళ్ళు తేల్చేస్తారు. అంతే కాదు గనక ఇక్కడ రాసి పెడుతున్నాము.

అక్కది ఓపిక పని. పాలకు తోడు పెట్టి తెల్లారేదాకా కదిలించం కదా, అట్లాంటిదే. రోగి నమూనాను చిన్న పళ్ళెంలో జెల్లీ మీద సన్న తీగతో గీసి, 37 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా ఉంచుతారు. ఆ జెల్లీ సముద్రపు నాచుతో చేసే అగర్. మిఠాయిల్లో వేసే చైనా గ్రాస్ అదే. పొద్దునకు చుక్కలు చుక్కలుగా పెరిగిన క్రిములేవో గుర్తుపట్టాల. వాటిని ఇంకో పళ్ళెమంతా పూసి, మందు అద్దిన కాగితపు బిళ్ళలు పెట్టి మళ్ళీ ఒక రాత్రి ఆగాల. బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఏ మందు పనిచేస్తుందో రాస్తారు. రిపోర్టు రెండు మూడు రోజులు పట్టేది అందుకే. టీబీ క్రిమికైతే వారాలే.

పోయినేడు మా అవ్వకు జ్వరం, మూత్రంలో మంట. ఇంట్లో మిగిలిన మాత్రలు వేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. "ముందు నమూనా, తర్వాతే మందు" అనింది. నమూనా ఇచ్చినాక డాక్టరు ఒక మందు మొదలుపెట్టినారు. మూడోరోజు రిపోర్టులో ఆ క్రిమికి అది పనిచేయదని తేలింది. మందు మార్చిన రెండు రోజులకు అవ్వ లేచి కూర్చొని జొన్నరొట్టె అడిగింది. ఆ రెండు రోజులూ మాకెవరికీ నిద్ర లేదు.

1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది లెడర్లీ ల్యాబులో. అక్కడ పరిశోధన నడిపినది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆ మందు పట్టింది బెంజమిన్ డగ్గర్. అంత కష్టంతో దొరికిన మందుల్ని ఊరికే మింగితే, వాటికి లొంగని క్రిములే మిగులుతాయి అంటుంది అక్క.

ఇంకో సంగతి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. రోగాలకు ఆ గీత తెలీదు. ఆ తట్టు వాళ్ళు ఇప్పటికీ చూపించుకునేదానికి బళ్ళారికి వస్తారు. అక్కా మేమూ చదివింది కన్నడ మీడియం, బడిలో నేర్చింది "కఫ". డబ్బీ ఇచ్చి అదే మాట చెప్తే ఆలూరు తాత ఒకాయన ఉమ్మి తెచ్చినాడంట. ఉమ్మిలో ఉండేది నోటి క్రిములే, పరీక్షకు పనికిరాదు. "ఉమ్మి కాదు తాతా, పొద్దున లేస్తూనే గట్టిగా దగ్గి గళ్ళ తీసుకురా" అంటే మరుసటి రోజు సరిగ్గా తెచ్చినాడు. ఆ మాట అక్కకు మా అవ్వ దగ్గర వచ్చిందే.

హోసూరు, కోలారు, షోలాపురం తట్టున ఉండే మన ఇండ్లల్లో దాన్ని ఏమంటారో మాకు రాయండి. అక్కకు పనికొస్తాయి.